మూడో పాదం దగ్గర ఆగిన పాట

అది ఆషాఢంలో రెండో గురువారం, మధ్యాహ్నం నాలుగు గంటల పది నిమిషాలు. ఫ్యాక్టరీ షిఫ్టు బస్సు మా వీధి మలుపులో ఆగి ఇద్దరు అమ్మాయిలను దింపి అప్పుడే వెళ్ళింది కాబట్టి గడియారం చూడకుండానే ఆ సమయం చెప్పగలను. మా తోడికోడలి చేతిలో కనకాంబరాల దండ సగం మూరకు వచ్చింది. నా నోట్లో పాట రెండు పాదాలు పూర్తయి, మూడో పాదం మొదలు కావాలి. అది మొదలు కాలేదు.

మా బాగలూరు మీద ఆ నెలంతా గాలి ఒకే దిక్కు నుంచి వీస్తుంది. చేటలో పూలు ఎగిరిపోకుండా తడి గుడ్డ కప్పి, దాని అంచు కొంచెం ఎత్తి, రెండేసి పూలు తీసి ఆమెకు అందిస్తున్నాను. ఆమె అటు రెండు, ఇటు రెండు పెట్టి దారం మెలి వేస్తోంది. నేను అందించడం ఆపేశాను. ఆమె చాపిన చెయ్యి అలాగే కాసేపు ఉంచింది.

"ఏమక్కా, నిద్రొచ్చిందా?" అంది.

నిద్ర కాదు గానీ నిద్ర లాంటిదే. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఎదురుగా పూలు పెంచే పాలీహౌస్‌ల తెల్లటి ప్లాస్టిక్ పైకప్పులు గాలికి ఉబ్బి దిగుతున్నాయి, పొలాల మీద ఏవో పెద్ద పశువులు పడుకుని ఊపిరి తీస్తున్నట్టు. వాటిని చూస్తూ ఉండగా మాట వస్తుందిలే అనుకున్నాను. పైకప్పులు ఉబ్బాయి, దిగాయి. పూల చేట మీద గుడ్డ ఆరిపోయింది. మాట రాలేదు.

మా వాళ్ళలో ఒక ఆచారం ఉంది. బిడ్డను మొదటిసారి తొట్టిల్లో వేసే రోజున ఆ బిడ్డకని కట్టిన పాటే పాడాలి. ఒక బిడ్డకు పాడిన పాట ఇంకో బిడ్డకు పాడరు. కవలలు పుడితే రెండు పాటలు. పాట లేకుండా ఊపితే బిడ్డకు ఏదో అవుతుందని ఎవరూ భయపెట్టరు. కానీ నాకు తెలిసి అలా ఊపిన ఇల్లు లేదు. పెరిగి పెద్దయ్యి, పొలం గట్టు దగ్గర తగాదాపడి మాటలు మానేసిన అన్నదమ్ములు కూడా ఎవరి పాట ఎవరిదో మర్చిపోరు. బేరిగైలో, తళిలో, హోసూరులో, కృష్ణగిరిలో ఉన్న మా చుట్టాల ఇళ్ళన్నింటికీ ఈ పాటలు కట్టే పని మా అత్తగారిది. ఆమె నుంచి నాకు వచ్చింది.

వచ్చిందంటే సగం వచ్చింది. నాకు గొంతు లేదు. నేను పాట చెబితే సంతలో టమాటా ధర చెప్పినట్టు ఉంటుందని మా అత్తగారే అనేది. మరిదికి తళి నుంచి సంబంధం కుదిరి ఈ పిల్ల ఇంటికొచ్చాక గానీ నా పని పూర్తి కాలేదు. ఈమెకు రెండు మాటలు పక్కపక్కన పెట్టడం రాదు. పుట్టింటికి జాబు రాయమంటే "ఈడ అందరూ బాగుండారు" దగ్గర ఆగిపోయి కలం నాకు ఇచ్చేసేది. కానీ నేను పొడిగా అన్న పాదాన్ని ఆమె ఒకసారి నోట్లోకి తీసుకుంటే చాలు, అది తడిసి, బరువెక్కి, మెల్లగా లేచేది. మాట నాది, వరస ఆమెది. అలా నలభై ఏళ్ళు.

పూలు కడుతూనే కట్టేవాళ్ళం. ఊరికే కూర్చుని పాట ఆలోచించమంటే ఇద్దరికీ చేతకాదు. నాలుగు మెలికలకు ఒక పాదం, ఒక మూరకు ఒక చరణం. దండ మూర నిండేసరికి చరణం పూర్తి కావాలి, లేకపోతే ఆ దండ విప్పి మళ్ళీ కట్టాలి. ఈ నియమం నేను పెట్టిందే. ఆ లెక్కలో నలభై మూడు పాటలు కట్టాం. ఏ బిడ్డకు, ఏ నెలలో, ఏ ఊళ్ళో, ఏ పూలు కడుతుండగా కట్టామో నన్ను అడిగితే ఇప్పటికీ తడుముకోకుండా చెబుతాను. మాటలు రాసిపెట్టాను. వరసలు రాయడం మాకిద్దరికీ తెలియదు. ఆ అవసరమూ కనిపించలేదు. వరస ఆమె గొంతులో ఉండేది, ఆమె పక్కింట్లో ఉండేది.

నలభై నాలుగో పాట ఆమె సొంత మనవరాలికి. కృష్ణగిరిలో ఉన్న చిన్న కూతురికి రెండో కాన్పు. పెద్ద పిల్లవాడి బడి పోతుందని కూతురు ఇక్కడికి రాలేదు, ఈమే అక్కడికి వెళ్ళి నెల రోజులు ఉండి వచ్చింది. శ్రావణంలో ఆడపిల్ల పుట్టింది. మూడో నెలలో, కార్తీకం రెండో శుక్రవారం తొట్టిల్లో వేస్తామని అత్తింటివాళ్ళు కబురు చేశారు. అప్పటికి నా దగ్గర ఉన్నవి రెండేసి పాదాలు. ఒక పాటవి కాదు, తొమ్మిది పాటలవి.

కదలని పాటను కదిలించడానికి నాకు తెలిసినవన్నీ చేశాను. కూర్చునే చోటు మార్చాను. కనకాంబరాలు మాని చామంతులు కట్టించాను. బస్సెక్కి తళి వెళ్ళి ఆమె పుట్టింటి అరుగు మీద ఒక పగలంతా కూర్చున్నాను. అక్కడ మధ్యాహ్నానికే చలి వేస్తుంది. క్యాబేజీ మడుల మీద పొగమంచు పాకుతూ వచ్చి, దారిలో పోయే బండ్లను ఒక్కొక్కటిగా మింగి, కాసేపటికి ఒక్కొక్కటిగా బయటికి వదిలింది. ఆ మంచులోంచి ఒక పాదం నడిచి వచ్చింది. దాని వెనకే ఇంకొకటి. మూడోది మంచులోనే ఉండిపోయింది. దాని ఆకారం మాత్రం కనిపిస్తోంది, పెద్దది, ఎత్తైనది. రమ్మంటే రాదు. చీకటి పడేలోపు ఆఖరి బస్సు పట్టుకుని వచ్చేశాను.

మా మేడ మీద కాకినాడ అమ్మాయి ఒకతె అద్దెకుంటుంది. హోసూరులో ఏదో కంపెనీలో పని. నా అవస్థ చూసి జాలిపడి, "అమ్మమ్మగారూ, ఫోన్‌ని అడిగితే నిమిషంలో రాసి ఇచ్చేస్తుందండీ" అంది. బిడ్డ ఆడపిల్ల, ఊరు కృష్ణగిరి, అమ్మమ్మ పాడుతుంది అని ఫోన్‌కి చెప్పింది. నిజంగానే నిమిషంలో వచ్చింది. చందమామ, మల్లెలు, వెన్నెల, బంగారు తొట్టిలి. నేను వేళ్ళ మీద లెక్కపెట్టాను. మాత్రలు ఎక్కడా తప్పలేదు. నాకు కాస్త అసూయ కూడా కలిగింది. మా తోడికోడలికి చదివి వినిపించాం. ఆమె దండ కడుతూనే విని, దారం పళ్ళతో తెంపి, ఆ అమ్మాయితో అంది.

"బాగుండాదమ్మా. ఇది యా బిడ్డకైనా సరిపోతుంది. అందుకే మా బిడ్డకు ఒద్దు."

ఆ అమ్మాయి నవ్వింది. నేను ఆ మాటలో ఒకటి గమనించాను, గమనించి వదిలేశాను. ఆమె ఆ వాక్యం ఒక్క ఊపిరిలో అనలేకపోయింది. మధ్యలో రెండుసార్లు గొంతు సవరించుకుంది. పురిటింట్లో నెల రోజులు సాంబ్రాణి పొగ పట్టిందని ఆమే చెప్పింది. నేనూ సరేనన్నాను. మిరియాల కషాయం కాచి ఇచ్చాను.

సాంబ్రాణి పొగ రెండు నెలలు ఉండదని కూతురు ఫోన్‌లో కేకలేసింది. కృష్ణగిరిలో తనకు తెలిసిన గొంతు డాక్టరమ్మ ఉంది, వెంటనే రమ్మంది. ఆశ్వయుజం పోతుండగా ఒక బుధవారం పొద్దున ఇద్దరం హోసూరులో బస్సెక్కాం. నేను కిటికీ పక్కన, ఆమె నా పక్కన.

హోసూరు నుంచి కృష్ణగిరికి పోవడమంటే మెట్టు మీంచి దిగడమే. పైన చలిగా ఉంటుంది, స్వెట్టర్లు వేసుకుని ఎక్కుతారు, శూలగిరి దాటేసరికి ఒక్కొక్కరే విప్పుతారు. ఆ రోజు రాతిగుట్టలు మంచులో తేలుతున్నట్టు ఉన్నాయి. కిందిసగం లేని గుట్టలు. బస్సు ఒక గుట్ట దగ్గరికి పోయేసరికి దానికి కాళ్ళు మొలిచేవి, వెనకనున్న గుట్టకు కాళ్ళు మాయమయ్యేవి. ఆమె నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. కాసేపటికి నిద్రలోనే సన్నగా కూనిరాగం తీయడం మొదలుపెట్టింది. అది నా చిన్నకొడుకు పాట. పైకి వినిపించేంత కాదు, ఆమె తల తగిలిన నా భుజానికి వినిపించేంత.

మొదటి పాదం అయింది. రెండో పాదం అయింది. మూడో పాదం దగ్గర ఆగింది. రెండు మూడు ఊపిర్లు ఊరికే తీసి, నాలుగో పాదం అందుకుంది. నేను మెలకువగా విన్నాను. మళ్ళీ మొదటి నుంచి తీసింది. మళ్ళీ మూడో పాదం వదిలేసింది, గుంత ఉన్న చోట మనం నిద్రమత్తులో కూడా పక్కకు తొక్కినట్టు.

మా పాటలన్నీ మూడో పాదంలో పైకెక్కుతాయి. అలా ఉండాలని మేం అనుకోలేదు. ఆమె గొంతు అక్కడ విచ్చుకునేది, అది వినడం నాకు ఇష్టం, అందుకని మూడో పాదానికి ఎప్పుడూ పైకెక్కే మాటలు ఇచ్చేదాన్ని. బారుగా లాగడానికి వీలున్న మాటలు, నోరు పూర్తిగా తెరుచుకునే మాటలు. బస్సు దిగుతూనే ఉంది. నేను వదిలేసిన పాటలను వేళ్ళ మీద తలుచుకున్నాను. పదకొండు. పదకొండూ మూడో పాదం దగ్గరే ఆగాయి. ఒక్కటి కూడా రెండో పాదంలో గానీ నాలుగో పాదంలో గానీ ఆగలేదు. నా బుర్రకు తెలియకముందే నా చెవికి తెలిసిపోయింది. గొంతు లేని చోటికి మాటను పంపడానికి అది ఒప్పుకోలేదు.

ఈ సంగతి ఆమెకు చెప్పాలా వద్దా అనుకుంటుండగానే కృష్ణగిరి కోటగుట్ట కనిపించింది. ఎండ కాస్తోంది. ఆమె లేచి, తన స్వెట్టర్ విప్పి నా ఒళ్ళో పడేసి, "వచ్చేసినామా?" అంది.

డాక్టరమ్మ చిన్న మనిషి, మెల్లగా తమిళంలో మాట్లాడింది. గొంతులో పలికే చోట ఒక కాయ ఉందని, కోసి తీసి పరీక్షకు పంపాలని చెప్పింది. తర్వాత గొంతు వస్తుందా అని నేనే అడిగాను. గుసగుసగా మిగలవచ్చు, కొంత రావచ్చు, మాట ఇవ్వలేనంది. వెంటనే చేద్దామంది. మా తోడికోడలు తొట్టిలి రోజు చెప్పింది. డాక్టరమ్మ కాలెండరు చూసి, ఆ శుక్రవారం తర్వాత వచ్చే సోమవారం చేస్తానని, ఆ తర్వాత ఒక్క రోజు కూడా ఆగనని చెప్పింది. అందాకా రోజుకు అరగంటకు మించి మాట్లాడవద్దంది. పాట సంగతి మేం అడగలేదు, ఆమె చెప్పలేదు.

కూతురి ఇల్లు మామిడి మండీ వీధి వెనక. భోజనాలయ్యాక బిడ్డను ఒళ్ళో వేసుకుని కూతురు ఏడ్చింది, ఏడ్చి ముక్కు తుడుచుకుని వెంటనే పనిలోకి దిగింది.

"పెద్దమ్మా, నువ్వన్నా చెప్పు. దినానికి మూడు పాటలు పాడితే చాలు. పాతవన్నీ ఫోన్‌లో ఎక్కించేస్తాను. పోయినాక ఏడ్సేది ఎందుకు?"

శుక్రవారానికి పదహారు రోజులున్నాయి. నలభై మూడు పాటలకు పదిహేను రోజులు సరిపోతాయి, ఒక రోజు మిగులుతుంది. లెక్క కుదిరితే నా మనసు కుదుటపడుతుంది, అది నా స్వభావం. నేను కూతురి పక్షం తీసుకున్నాను. ఏ రోజు ఏ పాట అన్నది వరసగా చెప్పాను. మొదటిరోజు మూడు పాడింది. రెండోరోజు రెండు. మూడోరోజు ఒకటి, అది కూడా మూడో పాదాలు అందకుండా. ఆ సాయంత్రం నీళ్ళు కావాలన్నా గొంతు పెగలక చేత్తో చూపించింది. నాలుగోరోజు కూతురు ఫోన్ పట్టుకుని ఎదురుగా కూర్చుంటే, ఆమె ఫోన్‌ను మెల్లగా బోర్లా పెట్టేసి నా వైపు తిరిగింది.

"ఇంక పాడనక్కా. పాతవి పాడితే కొత్తదానికి గొంతుండదు."

"కొత్తది యాడుంది?" అన్నాను. "నాలుగు నెలలుగా కట్టలేకపోతిని. లేనిదాని కోసం ఉన్నవి పోగొట్టుకుంటావా?"

"ఆ నలభై ముగ్గురూ ఎవరి పాట వాళ్ళు వినినారు. ఇది వినలేదు."

"వాళ్ళకు పిల్లలుండారు. మా నాయన పాట ఎట్లుండె అని అడిగితే ఏం చెప్పేది?"

"పోయిందని చెప్పు." కాసేపు ఊపిరి తీసుకుంది. "ఉండేది కొంచెమక్కా. దాన్ని యాడ పెట్టాల్నో నేను చెప్తాను. నువ్వు కట్టు. కట్టలేకపోతే ఊరికే ఊపుతా. అంతేగానీ ఇంకొకరి పాట దీనికి పాడను."

కూతురు నా ముఖం చూసింది. నేనేమైనా అంటానేమోనని. నేను బిడ్డ ముఖం చూశాను. అది నిద్రలో పెదాలు కదుపుతోంది. మా ఇంట్లో పాట లేని తొట్టిలి ఒకటి ఉంటే అది నా వల్లే ఉంటుంది. ఆ సాయంత్రమే బస్సెక్కి ఇద్దరం వెనక్కి, పైకి వచ్చేశాం.

మర్నాడు పూల చేట ముందు కూర్చున్నాక ఆమెతో బస్సులో నేను విన్నది చెప్పాను. మూడో పాదం నువ్వు వదిలేస్తున్నావని. ఆమె ఆశ్చర్యపోలేదు. ఆషాఢం నుంచే పైకి పోతే అందడం లేదట. నేను పాటలో మూడో పాదం చెప్పకపోవడం చూసి, నాకు తెలిసిపోయింది కాబోలు, పాపం చెప్పలేక నిద్ర వచ్చినట్టు నటిస్తున్నానని అనుకుందట. నేను నిజంగా ఆగిపోయానని ఆమెకు తెలియదు. ఆమె గొంతు తగ్గిందని నాకు తెలియదు. ఒకరి మీద ఒకరు దయతో నాలుగు నెలలు ఊరికే కూర్చున్నాం.

"ఇప్పుడు ఎంత అందుతుంది?" అని అడిగాను. పాడవద్దు, చూపించు అన్నాను.

ఆమె కట్టిన దండను నేల మీద బారుగా పరిచింది. ఒక చివర వేలు పెట్టి, అది కింద అన్నట్టు సైగ చేసింది. ఇంకో వేలు పైకి జరుపుతూ వచ్చి, నాలుగు మెలికల దగ్గర ఆపింది. అంతే. మిగతా మూరంతా ఖాళీగా పడి ఉంది. ఆ ఖాళీని చూస్తే నాకు ఏడుపు రావలసింది. వింతగా, ఒళ్ళు తేలికైంది. ఇన్నేళ్ళూ ఎంత పొడవో తెలియని గుడ్డకు కొలత పెడుతూ వచ్చాను. మొదటిసారి గుడ్డ అంచు కనిపించింది.

నాలుగు మెలికల చోటులో పాట కట్టడం ఎలాగో నాకు తెలియదు. మాటలను ఎక్కనివ్వకుండా పక్కపక్కనే నడిపించాలి. నోరు పెద్దగా తెరిచే మాటలన్నీ తీసేశాను. పెదాలు కలిసే మాటలు, మూసుకునే మాటలు, ముక్కులో నిలిచే మాటలు ఏరుకున్నాను. కార్తీకం మొదలైంది. ఎనిమిది గంటల దాకా మంచు విడిచేది కాదు. ఎదురింటి గోడ లేదు, వీధి లేదు, పాలీహౌస్‌లు లేవు. చేట, పూలు, ఆమె చేతులు, అంతవరకే లోకం. అక్కడిదాకే కనిపించేది కాబట్టి అక్కడి మాటలే వచ్చాయి. ఒక పొద్దున నేను రెండు పూలు అందించి, అవి ఆమె వేళ్ళ మధ్య పక్కపక్కన చేరడం చూస్తూ మొదటి పాదం అన్నాను. రెండోది ఆమె దారం మెలి వేసేలోపే వచ్చింది. మూడోదాని వంతు వచ్చింది. పైకెక్కాలని అలవాటు కొద్దీ మాట లేచింది. దాన్ని చెయ్యి పట్టి కూర్చోబెట్టాను.

పువ్వు పువ్వు పక్క చేరె, జోజో
పొద్దు గడప కాడ నిలిచె, జోజో
అవ్వ గొంతు అరుగు దిగెను, జోజో
అందినంత నీదె తల్లి, జోజో

మా ఇళ్ళలో అమ్మమ్మను అవ్వ అనే పిలుస్తారు. ఆమె మూడో పాదం దగ్గర నా వైపు చూసింది. తన గొంతు సంగతి పాటలో పెట్టినందుకు ఏమంటుందోనని నేను దండ చూస్తూ కూర్చున్నాను. ఆ రోజుకున్న అరగంటలో ఒకే ఒక్కసారి పాట పాడి చూసింది. నేను మూడో పాదం సమంగా నడుస్తుందనుకున్నాను. ఆమె దాన్ని ఇంకా కిందికి దింపింది, మెట్లు దిగుతూ ఆఖరి మెట్టు మీద ఆగినట్టు. అది నాకు తట్టలేదు. ఎన్ని పాటలు కట్టినా వరస ఆమెదే.

ఇంకో రెండు చరణాలు మరో ఆరు రోజుల్లో వచ్చాయి. వాటిలో పెద్ద గొప్ప లేదు. కానీ వచ్చాయి.

శుక్రవారం కృష్ణగిరి ఇంట్లో జనం నిండిపోయారు. అత్తింటివాళ్ళు మామిడి వ్యాపారులు, గట్టిగా మాట్లాడే మనుషులు. మా తోడికోడలి గొంతు గురించి విని ఉన్నారు, వీధి చివరకు వినిపిస్తుందని పేరు. పాత టేకు తొట్టిలికి కొత్త గొలుసులు వేశారు. బిడ్డను మూడుసార్లు తొట్టిలి కింద నుంచి పైకి అందించుకుని పడుకోబెట్టారు. ఆమె గొలుసు పట్టుకుంది. ఎవరో మైకు తెస్తామన్నారు, ఆమె వద్దంది. నేను ఫ్యాను ఆపించాను.

ఆమె మొదలుపెట్టింది. మొదటి పాదం చాలామందికి వినపడలేదు. ఇంకా మొదలు కాలేదనుకుని మాట్లాడుకుంటూనే ఉన్నారు. తర్వాత ముందు వరసవాళ్ళు ఊరుకున్నారు, వాళ్ళ వెనకవాళ్ళు ఊరుకున్నారు. నిశ్శబ్దం అలా గదిలోంచి వరండాలోకి, వరండాలోంచి మెట్ల మీదికి పోయింది. అందరూ ముందుకు వంగారు. ఎండ కిటికీ చువ్వల్లోంచి తొట్టిలి మీద పడుతూ, ఊగినప్పుడల్లా బిడ్డ ముఖం మీంచి పోతూ వస్తూ ఉంది. బిడ్డ నిద్రపోలేదు. ఆమె నోటి వైపే చూస్తూ ఉంది. నేనేమో నలభై ఏళ్ళలో మొదటిసారి పాట వింటూ మాత్రలు లెక్కపెట్టడం మర్చిపోయాను. ఎంతసేపు పాడిందో నాకు తెలియదు. ఆ ఒక్క పూట సమయం మాత్రం నా దగ్గర లేదు.

అయిపోయాక వియ్యపురాలు, నోరున్న మనిషి, నవ్వుతూ అంది. "ఏమమ్మా, బిడ్డకు ఒక్కదానికే వినబడేటట్లు పాడితే మేమంతా ఎట్లా వినేది?"

"బిడ్డ పాటే కదమ్మా," అంది మా తోడికోడలు.

సోమవారం పొద్దున ఏడు గంటలకు లోపలికి తీసుకెళ్ళారు, తొమ్మిదిన్నరకు తెచ్చారు. పరీక్షలో భయపడాల్సింది ఏమీ లేదని పది రోజులకు తేలింది. గొంతు రాలేదు. గుసగుస మిగిలింది. అది నాకు అర్థమవుతుంది, పూల ధర అడగడానికి వచ్చేవాళ్ళకు అర్థం కాదు. ఇప్పుడూ పూలు కడుతుంది. కొత్త పాట మాత్రం ఎవరికైనా పట్టుబడుతుంది, అంత తక్కువ చోటులో ఉంది కాబట్టి. కూతురు రోజూ పాడుతోంది. నేను కూడా పాడగలను, నవ్వేవాళ్ళు లేనప్పుడు.

పాతవాటి కోసం మాఘమంతా బస్సుల్లో తిరిగాను. బేరిగై, తళి, హోసూరు, ఇల్లిల్లూ వెళ్ళి, మీ అమ్మ నీ పాట నీకు పాడేదా, గుర్తుందా అని అడిగాను. కొందరు సిగ్గుపడుతూ పాడారు. కొందరు మొదటి పాదం దాకా పాడి, మిగతాది ఏదో సినిమా పాటతో అతికించారు. ఫోన్‌లో పట్టుకొచ్చి ఆమెకు వినిపిస్తే, ఇది అవును, ఇది కాదు అని తల ఊపి చెప్పింది.

మొత్తం పాటలు నలభై నాలుగు. ఆమె ఫోన్‌లో పాడినవి ఆరు. ఇళ్ళల్లో దొరికినవి తొమ్మిది, అందులో రెండు ఆమె పాడినవే, కాబట్టి ఏడు. కొత్తది ఒకటి. మిగిలినవి పద్నాలుగు.

పోయినవి: ముప్పై పాటల వరసలు. వాటిలో ఇరవై తొమ్మిదింటికి మాటలు ఉన్నాయి, ఒకదానికి రాసిన కాగితం చెద తినేసింది కాబట్టి మాటలూ లేవు. ఊళ్ళ లెక్కన బేరిగైలో పదకొండు, తళిలో ఏడు, హోసూరులో ఆరు, కృష్ణగిరిలో మూడు, మా ఇంట్లో మూడు. మా ఇంటి మూడింటిలో రెండు ఆమె కూతుళ్ళవి, ఒకటి నా కూతురిది.

గొంతు ఒకటి.